చలిలో పట్టిన చెమట

చిరంజీవి మనుమనికి,

సంక్రాంతినాడు మీ అమ్మ కొసరి వడ్డింపబోయిన చేపల పులుసును త్రోసివేసి, ఆమెను నోటికి వచ్చినట్లు ఆడి నీవు లేచిపోగా, ఇంటిల్లిపాదియు దానిని పొగరని తలచిరి. పుష్యమాసపు చలిలో నీ నుదుట పట్టిన చెమటను మాత్రము నేను చూచితిని.

అట్టి చెమటను ఏబదియేండ్ల క్రిందట మైపాడు సముద్రతీరపు ఇసుకలో చూచియుంటిని. చిన్నప్పుడు నీవు బంతితో పగులగొట్టిన నడిమింటి మట్టికుండ, ఒకప్పుడు మీ చిన్నతాత ఇన్సులిన్ సీసాను తడియిసుకలో చల్లగా కాపాడినది. వానికప్పుడు పదునాఱేండ్లు. తెప్పలు ఒడ్డునకు చేరువేళయని, సూది వేయించుకొని చద్ది తినకయే నా వెంట వచ్చెను. అకారణముగా నన్ను తిట్టి చేపలబుట్టను విసరివేయగా, అన్ననను అహంకారముతో చెంపపై కొట్టి, వానిని అచ్చటనే విడిచి వచ్చితిని. కొంతసేపటికి జాలరులు స్పృహలేని వానిని మోసికొని వచ్చిరి. వైద్యుడు నరమునకు గ్లూకోజు ఎక్కింపగా ప్రాణము దక్కినది గాని, పోవువఱకును వాడు తన మనస్సులోని మాట మరల నాతో చెప్పుకొనలేదు.

దేహపు బరువులో నూటికి రెండుపాళ్లైన మెదడు, దేహము వ్యయించు శక్తిలో ఐదవవంతును కోరును. నెత్తుటిలో చక్కెర పడిపోయినచో మొదట వివేకము, పిదప వాక్కు, తుదకు స్పృహయే తప్పును. చక్కెర పెరిగినచో మాంద్యము, విసుగు క్రమ్మును. నిత్యము సూదితో కాపురము చేయు పడుచువాండ్రకు దిగులు తోడగుటయు తఱచు. ఈ మధుమేహము నీ దోషము కాదు; సుశ్రుతుడే ప్రమేహమును పుట్టుకతో వచ్చు సహజమనియు, తిండితప్పుచే కలుగు అపథ్యజమనియు వేఱుపఱచినాడు. 1922 జనవరిలో టొరంటోలో తొలి ఇన్సులిన్ పొందినవాడు పదునాలుగేండ్ల బాలుడే.

ఈ కాలపువారికి అర్ధరాత్రి భోజనము, తెల్లవాఱుదాక ఫోను. పెద్దలకేమో సంబంధములు చెడునని వ్యాధిని దాచు వెఱ్ఱి. ఈ దాపరికమే వ్యాధికన్న ముందు మనిషిని తినివేయును.

ఇక వినుము. చెమటతో కోపము వచ్చినచో తగవు మాని వ్రేలు పొడిచి చూచుకొనుము. 70కి తగ్గినచో మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి త్రాగి, 15 నిమిషములకు మరల చూడుము. మలై కాజా పనికిరాదు. అందలి నెయ్యి చక్కెరను ఆలస్యము చేయును. స్పృహ తప్పినచో నోట ఏమియు పోయక 108కి ఫోను చేయవలెనని గదిలోని స్నేహితునికి నేడే చెప్పుము. ఇన్సులిన్ మానకుము; వాంతులు, ఆయాసము వచ్చినచో తక్షణమే ఆసుపత్రికి పొమ్ము. దిగులు రెండువారములు విడువకున్న, జ్వరము చెప్పినట్లే వైద్యునితో చెప్పుము. 14416కు ఫోను చేసినను విందురు.

రాత్రికి నాకు నీ చక్కెర అంకె ఒక్కటి వ్రాసి పంపుము. ఎంతైనను కోపపడను.

మీ తాతయ్య