అద్దె కళ్ళు

పుణ్యక్షేత్రానికి వెళితే పండా దొరుకుతాడు, పట్నానికి వెళితే గైడు దొరుకుతాడు. ఇద్దరినీ మనం వెతుక్కోనక్కర్లేదు, వాళ్ళే మనల్ని వెతుక్కుంటూ వస్తారు. పండాకి ఒక సౌకర్యం ఉంది. మన తాతగారి పేరు తన చిట్టాలో చూపించి మనల్ని కట్టిపడేస్తాడు. పాపం, గైడుకి ఆ చిట్టా లేదు. మన మొహం చూసి మనమెవరమో, ఏం వింటే సంతోషిస్తామో అతను క్షణంలో కనిపెట్టాలి. అదేం చిన్న విద్య కాదు.

హైదరాబాదు లాంటి మహానగరం చూడాలంటే మార్గాలు రెండు. టూరు బస్సెక్కి ముక్కూ మొహం తెలియని నలభైమందితో పాటు దిగమన్నచోట దిగి, ఎక్కమన్నప్పుడు ఎక్కడం ఒకటి. సొంతంగా కారూ, గైడునూ మాట్లాడుకోవడం రెండోది. ఈమధ్య మా ఇంటికొచ్చే చుట్టాలందరూ రెండోదానికే మొగ్గుతున్నారు. తప్పేం లేదు. మోకాళ్ళ నొప్పులతో మా పెద్దమ్మ గోల్కొండ మెట్లన్నీ ఎక్కలేదు. బస్సు ఆవిడ కోసం ఆగదు, కారు ఆగుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెకా ముందు అరగంట నిలబడి, రాతికి ఆ పల్చటి ముసుగు ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోయే హక్కు ఎవరికైనా ఉంది. బస్సులో వచ్చినవాడు ఆశ్చర్యపోయేలోగా ఈల వినిపిస్తుంది.

అంచేత సొంత గైడును పెట్టుకోవడం విలాసమని నేననను. నా సందేహం వేరు. డబ్బిచ్చి ఒక మనిషిని మనకొక్కరికే మాట్లాడమన్నప్పుడు అతను చెప్పేది ఊరి కథా, మన కథా?

చార్మినార్ సంగతే చూడండి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. ఇందులో తగాదా లేదు. ఎందుకు కట్టించాడంటేనే గొడవ. ప్లేగు తగ్గినందుకు మొక్కు తీర్చుకున్నాడని కొందరు, హిజ్రీ వెయ్యో సంవత్సరానికి గుర్తుగా కట్టించాడని కొందరు అంటారు. గైడు మాత్రం భాగమతి ప్రేమకథ చెబుతాడు. భాగమతి అనే మనిషే లేదని చరిత్రకారుడు షేర్వాణీ వాదించారు. ఉందని వాదించినవారూ తక్కువవారేం కారు. ఈ తగువంతా కొత్తగా పెళ్ళయి వచ్చిన జంటకి చెబితే వాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో ఊహించుకోండి! గైడు వాళ్ళకి ప్రేమకథే చెబుతాడు. ఇక్కడినుంచి గోల్కొండ దాకా సొరంగం ఉందని కూడా చెబుతాడు. పిల్లలు దాని మూత ఎక్కడుందా అని వెతుకుతారు. వీటిని అబద్ధాలంటే నాకు మనసొప్పదు. అమ్మమ్మలు చెప్పే కథలకి సాక్ష్యాలడిగామా?

కమీషన్ గొడవా అంతే. గైడు ముత్యాల కొట్టు దగ్గర కారాపించాడని, కొన్నదాంట్లో అతనికి వాటా ఉందని తెలిసి, మనం మోసపోయామని ఊరంతా చెప్పుకుంటాం. పొద్దున్న బేరమాడినప్పుడు అతను అడిగినదాంట్లో సగానికి ఎవరు దింపారు? ఆ సగం అతను ఎక్కడో పూడ్చుకోవాలి కదా. కొట్లకు వద్దని ముందే చెప్పి, అడిగింది ఇచ్చేవాడికి ఈ ఫిర్యాదు ఉండదు. ఇది లెక్కల తప్పే గాని నీతి తప్పు కాదు.

నాకు నిజంగా గుచ్చుకున్నది వేరే ఉంది. కిందటి శీతాకాలం చుట్టాలతో గోల్కొండకి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ పెద్దమ్మలాంటి వాళ్ళకి తోడుగా సగం మెట్ల మీదే ఆగిపోయాను కనక, పక్కనుంచి వెళ్ళే గైడుల మాటలు వినే భాగ్యం కలిగింది. రామదాసు బందిఖానా దగ్గర ఒకే గైడు, రెండు వేర్వేరు కుటుంబాలకి చెబుతుంటే విన్నాను.

మొదటి కుటుంబానికి చెప్పిందిదీ. భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడని కంచెర్ల గోపన్నను తానీషా ఈ చీకటి కొట్టులో వేయించాడు. కొరడా దెబ్బలు కొట్టించాడు. పన్నెండేళ్ళు. అక్కడ ఆపాడు. ఆ ఇంటాయన పళ్ళు పటపట కొరికాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. గైడుకి మంచి బక్షీసే దొరికింది.

రెండో కుటుంబం బురఖాల వాళ్ళది. వాళ్ళకి ఉర్దూలో చెప్పాడు. సర్కారు శిస్తు సొమ్ము అనుమతి లేకుండా ఖర్చు చేసిన తహసీల్దారును సుల్తాను ఖైదు చేశాడు. ఏ రాజైనా అదే చేస్తాడు. ఆ సుల్తాను దగ్గర మంత్రులు అక్కన్న, మాదన్నలనే బ్రాహ్మణులు. ఆయనకి మతభేదం లేదు. అక్కడ ఆపాడు. వాళ్ళూ తలలూపారు. బక్షీసూ ఇచ్చారు.

గమనించారా? రెండుచోట్లా అతను ఒక్క మాట కల్పించి చెప్పలేదు. జనం నోట వస్తున్న కథే చెప్పాడు. ఎక్కడ ఆపాలో మాత్రం ఎదుటివాళ్ళను చూసి నిర్ణయించుకున్నాడు. రామలక్ష్మణులే మారువేషంలో వచ్చి బాకీ తీర్చారనీ, నిజం తెలిసి తానీషా గోపన్నను వదిలేశాడనీ, భద్రాద్రి సీతారామ కల్యాణానికి ప్రభువుల తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం అప్పుడే మొదలైందనీ జనం చెప్పుకుంటారు. ప్రభుత్వం ఇప్పటికీ పంపుతూనే ఉంది. అది రెండు కుటుంబాలూ వినలేదు. ఒకరు కోపం కొనుక్కుని వెళ్ళారు, ఒకరు గర్వం కొనుక్కుని వెళ్ళారు. సొరంగం కథతో ఎవరికీ నష్టం లేదు. ఈ సగం కథలు మాత్రం ఇళ్ళకు వెళతాయి, పిల్లలతో పాటు పెరుగుతాయి. అల్లర్లకి కర్ఫ్యూలు చూసిన ఊరిలో ఇది చిన్న సంగతి అనుకోలేను.

మరి బస్సులో ఏమవుతుంది? అదే గైడును బస్సెక్కించండి. ముందు సీట్లో గుంటూరు రైతు, వెనక మాలేగావ్ నుంచి వచ్చిన అత్తర్ల వ్యాపారి, కిటికీ పక్కన బెంగాలీ మాస్టారు. ఎవరి మొహం చూసి కథ ఆపుతాడు? ఇటాపితే అటువాళ్ళు అడుగుతారు, అటాపితే ఇటువాళ్ళు ఊరుకోరు. గత్యంతరం లేక మొత్తం చెప్పాలి. పక్క సీట్లో ఉన్న పరాయివాడే మన గైడుని నిజాయితీగా ఉంచుతున్నాడన్నమాట. కారు మాట్లాడుకున్నప్పుడు మనం వదిలించుకున్నది ఆ పరాయివాణ్ణే.

అయితే పెద్దమ్మ మోకాళ్ళ మాటేమిటి అంటారు. నిజమే. మాట్లాడుకోండి. కాని గైడుని ఎంచుకునేటప్పుడు రేటూ, ఇంగ్లీషూ, ప్రభుత్వం వారి గుర్తింపు కార్డూ చూసిన తర్వాత ఒక ప్రశ్న వేసి చూడండి. దేనికైనా "ఏమో సార్, రెండు రకాలుగా చెబుతారు" అని ఒక్కసారైనా అన్నవాడు దొరికితే, వంద ఎక్కువైనా వదలొద్దు. నేనైతే ఇంకోటి అడుగుతాను, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు చూపిస్తావా అని. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని ముంచేసినప్పుడు ఆ చెట్టు నూటయాభైమందిని తన కొమ్మల మీద కాపాడిందంటారు. రాజులకీ దానికీ సంబంధం లేదు, దగ్గర్లో కమీషనిచ్చే కొట్టూ లేదు. కొమ్మ పట్టుకున్నవాడు హిందువా, ముసల్మానా అని చెట్టు అడగలేదు కనక ఏ కుటుంబానికైనా కథ ఒకటే. "అక్కడేముంది సార్, చెట్టే కదా" అన్నవాడితో నాకు పని లేదు.

గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిసార్‌లో వినిపిస్తుందంటారు చూశారా, గైడు చెప్పే మొత్తం మాటల్లో మనం అక్కడికక్కడే తేల్చుకోగలిగింది అదొక్కటే. అందుకేనేమో పిల్లలకి కోటంతా మరిచిపోయినా ఆ చప్పట్లు గుర్తుంటాయి.

పిల్లలంటే జ్ఞాపకం వచ్చింది. రెండోసారి వెళ్ళిన రోజునే సాయంత్రం అదే గైడు మూడో కుటుంబంతో వచ్చాడు. ఏడెనిమిదేళ్ళ పిల్ల కొట్టులోకి తొంగిచూసి, "అంకుల్, తానీషా మంచివాడా, చెడ్డవాడా?" అనడిగింది. గైడు అలవాటుకొద్దీ తండ్రి మొహం వైపు చూశాడు. తండ్రి ఫోనులో ఎవరితోనో తగువులాడుతున్నాడు. అక్కడ ఏ ఆచూకీ దొరకలేదు.

"జైల్లో వేసిందీ ఆయనే, వదిలేసిందీ ఆయనే బేటా," అన్నాడు గైడు కాసేపాగి. "తర్వాత ఆయన్ని కూడా జైల్లో వేశారు. దౌలతాబాద్‌లో."

"ఎవరు?"

"ఔరంగజేబు. 1687లో. ఈ కోటని ఎనిమిది నెలలు చుట్టుముట్టాడు."

"ఆయనకి కూడా రాముడు వచ్చి డబ్బు కట్టాడా?"

గైడు చేతిలో కర్ర పక్కన పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు.

"లేదమ్మా," అన్నాడు. "ఆయన అక్కడే పోయాడు."