క్వార్టరూ సొంతిల్లూ

పనిచేస్తున్న వస్తువుకు ఆయుష్షు తీరిందని చెప్పాల్సింది ఎవరు? రోలు విషయంలో, సైకిల్ విషయంలో ఈ ప్రశ్న ఎవరికీ రాదు. విరిగితే అతికిస్తాం, అతకకపోతే పక్కన పడేస్తాం. ఆ మాట చెప్పేది వాడుకునేవాళ్లే. కంప్యూటర్ అలా కాదు. అది బల్ల మీద బాగానే నడుస్తూ ఉంటుంది, దాని కాలం అయిపోయిందన్న కబురు మాత్రం ఎక్కడినుంచో వస్తుంది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా సవరణలు ఆగిపోయాయి. నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు ఇంకో ఏడాది గడువు ఇచ్చారు. 2021లో వచ్చిన విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, దాదాపుగా ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తరవాతి ప్రాసెసర్ ఉండాలి. 2016లో కొన్న కంప్యూటర్ ఎంత శుభ్రంగా పనిచేస్తున్నా ఆ గీతకు అవతలే ఆగిపోతుంది. ఏ కంపెనీ అయినా అమ్మిన ప్రతిదాన్నీ కలకాలం కనిపెట్టుకుని ఉండలేదు. అది న్యాయమైన మాటే. కాబట్టి నా ప్రశ్న కంపెనీ చేసింది తప్పా ఒప్పా అన్నది కాదు. వాళ్లు చూడటం మానేశాక మరొకరు చూసుకునే దారి ఉందా లేదా అన్నది.

గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాళ్లకు దూరంలో జరిగే నిర్ణయాలు కొత్తవి కావు. రామగుండంలో బొగ్గుతో యూరియా తయారుచేసిన ఎఫ్‌సీఐ కర్మాగారం 1999లో మూతపడింది. అక్కడే ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో, ఈసారి గ్యాసుతో, మళ్లీ ఉత్పత్తి మొదలయ్యేసరికి 2021 వచ్చింది. ఆ మధ్యలో ఒక తరం గడిచిపోయింది. ఇంటి కంప్యూటర్‌ను దాంతో పోల్చడం పెద్ద మాటే. కానీ "ఇది ఇంకా నడుస్తుందా?" అన్న ప్రశ్నకు జవాబు మన చేతిలో లేకపోవడం ఎలా ఉంటుందో ఈ ఊరికి తెలుసు.

మా ఇంట్లో ఉన్నది ఆ గీతకు అవతల నిలిచిన కంప్యూటరే. నలుగురం వాడతాం. బాపు సింగరేణిలో అండర్‌గ్రౌండ్ పనిచేసి దిగిపోయినవాడు. పాత పాటలు వింటాడు, వీడియోలో మనవలతో మాట్లాడతాడు. నా భార్య ట్యూషన్ పిల్లలకు ప్రశ్నపత్రాలు తయారుచేస్తుంది. కూతురు ఇంటర్ చదువుతోంది. బామ్మర్ది వారానికి రెండు రోజులు వచ్చి పెళ్లిపత్రికలు, కరపత్రాలు డీటీపీ చేసుకుంటాడు. దాన్ని లినక్స్‌కు మారుద్దామని నేను అన్నాను. ఆ మాట మీద ఇంట్లో వచ్చిన ప్రశ్నలు, నేను పుస్తకాల్లో చదువుకున్న వాదనల కన్నా గట్టివి.

మొదటి ప్రశ్న బామ్మర్దిది. "ఫ్రీ అంటున్నవ్ సరే. ఈ ఊళ్లె విండోస్‌కు పైసలిచ్చినోడెవడు బావా?"

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించినప్పటినుంచి ఇంగ్లీషువాళ్లకు ఒక తంటా ఉంది. 'ఫ్రీ' అంటే డబ్బు అడగనిదా, స్వతంత్రమైనదా అని ప్రతిసారీ విడమరిచి చెప్పుకోవాలి. మనకు ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పనికి 2005 ప్రాంతంలో పూనుకున్న హైదరాబాదు బృందం నేరుగా 'స్వేచ్ఛ' అనే పేరే పెట్టుకుంది. మాట స్పష్టంగా ఉన్నా మన బజారు లెక్క వేరు. విడిభాగాలు కొని బిగించుకున్న కంప్యూటర్‌లో నాలుగైదు వందలకు విండోస్ 'వేయించుకోవడం' చిన్న ఊళ్లలో మామూలు. లైసెన్సు కాగితం అడిగినవాడూ లేడు, చూపించినవాడూ లేడు. అసలు ఉచితంగా దొరికేదాన్ని ఇంకో ఉచితంతో ఎందుకు మార్చుకోవాలన్నది బామ్మర్ది అడిగినదాని అర్థం.

దొంగతనం తప్పని చెప్పి ఊరుకోవచ్చు. కానీ మా ఊరివాడికి ఆ మాట అంత తేలిగ్గా దిగదు. సైకిల్‌కు బొగ్గు బస్తాలు కట్టుకుని ఎండలో తోసుకుంటూ పోయేవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం. ఆ బస్తాను ఒక తూకంలో, లారీలకు లారీలు మాయం కావడాన్ని ఇంకో తూకంలో వేయడం ఇక్కడ అందరికీ అలవాటు. పైగా బొగ్గు బస్తా ఎత్తితే అక్కడ ఒక బస్తా తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ కాపీ చేస్తే అక్కడిది అక్కడే ఉంటుంది. "ఎవరికేం పోయింది?" అన్న ప్రశ్నకు బొగ్గు విషయంలో కన్నా ఇక్కడే జవాబు చెప్పడం కష్టం.

నాకు తోచిన జవాబు ఇది. దొంగ కాపీలో కంపెనీకి పోయేది ఎంతో నాకు తెలియదు కానీ వాడేవాడికి పోయేది తెలుస్తుంది. అతను ఎవరినీ గట్టిగా అడగలేడు. ఎక్కడ పట్టుబడుతుందోనని సవరణలు ఆపేసుకుంటాడు. తలుపు తెరుచుకుంది కదా అనుకుంటాడు, తాళం మాత్రం ఇంకా పరాయివాళ్లదే. పైసలు కట్టినవాడికైనా, కట్టనివాడికైనా లోపల ఏముందో చూసే హక్కు లేదు, మార్చే హక్కు అసలే లేదు. ఉచితం దొరికింది, స్వేచ్ఛ దొరకలేదు.

లైసెన్సు అంటే ఏమిటో బాపుకు చెప్పబోతే ఆయనే సులువు చేశాడు. "అంటే కంపెనీ క్వార్టర్ లెక్కన్నట్టు." అవును, అంతే. ముప్పై ఏళ్లు ఉండొచ్చు, పిల్లల పెళ్లిళ్లు చేయొచ్చు, వాకిట్లో జామచెట్టు పెంచొచ్చు. దిగిపోయాక తాళాలు అప్పజెప్పాలి. కానీ బాపు అక్కడితో ఆగలేదు. "క్వార్టర్ల ఉన్నన్నాళ్లు నీళ్ల రంధి లేదు, కరెంటు రంధి లేదు. పైకప్పు కురిస్తే సివిల్ డిపార్ట్‌మెంటోళ్లకు చెప్తిమి. సొంతిల్లు కట్టినంక తెలిసింది, ఏది పోయినా నేనే ఎక్కాలె."

ఈ మాటను నేను ఏ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారంలోనూ వినలేదు. అందరూ సొంతింటి గొప్ప చెబుతారు, మరమ్మతు ఎవరు చేస్తారో చెప్పరు.

బాపు రెండో ప్రశ్న ఇంకా సూటిది. "లోపలిది చూపెడతరంటున్నవ్. నువ్వు చదువుతవా అది?" చదవను. నాకు ప్రోగ్రామింగ్ రాదు. "మరి చూపిస్తేంది, చూపియ్యకుంటేంది?"

దీనికి జవాబు ఆయన పనిలోనే ఉంది. పని మొదలుపెట్టే ముందు గనిలో పైకప్పును కర్రతోనో ఇనుపకడ్డీతోనో తట్టి చూస్తారు. గట్టి రాయి ఒకలా మోగుతుంది, విడిపోయిన రాయి డొల్లగా మోగుతుంది. ఇంజనీరు చెప్పాడు కదా అని తట్టకుండా ఎవరూ కింద నిలబడరు. ఇంకో ఏర్పాటు కూడా ఉంది. పెద్ద గనుల్లో కార్మికుల తరఫున వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్‌ ఉండాలని గని నియమాలు చెబుతాయి. గాలి ఎలా ఆడుతోంది, యంత్రాలు ఎలా ఉన్నాయి, కప్పు ఎలా ఉంది అని అతను తిరిగి చూసి రాస్తాడు. ప్రతి కార్మికుడూ వెంటిలేషన్ ప్లాను చదవలేడు. చదవగలిగిన మనవాడు ఒకడు చూడొచ్చన్న హక్కు వల్ల చదవలేనివాడికీ రక్షణ. కోడ్ తెరిచి ఉంచడమంటే నా మటుకు ఆ హక్కే. నేను చదవలేను, నిజమే. కానీ నాకు సంబంధం లేని ఎవరో ఒకరు, ఎవరి అనుమతీ అడగకుండా, చదవగలరు.

బాపు విని, "ఇన్‌స్పెక్టర్ ఉన్నడు మంచిదే. దిగి చూసిండా లేదా అన్నదే లెక్క," అన్నాడు.

ఆ మాట కూడా నిజమే. ఇంటర్నెట్‌లో సగం తాళాలు ఆధారపడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఉపకరణంలో 2012లో చేరిన ఒక తప్పు 2014 ఏప్రిల్ దాకా బయటపడలేదు. హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టారు దానికి. కోడ్ ప్రపంచం ముందు తెరిచే ఉంది, తట్టి చూసినవాళ్లే లేరు. 2024 మార్చిలో జరిగింది ఇంకా ఆలోచించవలసినది. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే చిన్న ఉపకరణం లినక్స్ కంప్యూటర్లలో దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి ప్రధానంగా ఒక్కడే, జీతం లేకుండా, చూసుకుంటూ వచ్చాడు. అతను అలసిపోయి ఉన్న సమయంలో ఎవరో మారుపేరుతో వచ్చి, రెండేళ్లకు పైగా ఓపికగా సాయం చేసి, నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని తవ్వుకుంటూ పోయి దాన్ని పట్టుకున్నాడు. ఆయన ఉద్యోగం మైక్రోసాఫ్ట్‌లో! మంచివాళ్లు ఒకవైపు, చెడ్డవాళ్లు ఒకవైపు అని గీత గీసుకుని ఈ కథ చెప్పలేం.

ఈ సంఘటన గురించి చదివాక బొగ్గు పోలికను నేను సరిచూసుకోవాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్ తరగదన్నది నిజం. నేను ఒక కాపీ దించుకుంటే ఎవరికీ ఒకటి తగ్గదు. కానీ దాన్ని కనిపెట్టుకుని ఉండే మనుషుల ఓపిక తరుగుతుంది. వేలమంది వాడుకుంటూ, అప్పుడప్పుడూ తిట్టుకుంటూ, ఒక్కరూ చెయ్యి వేయకపోతే ఆ ఓపిక అడుగంటుతుంది. తెలుగు విషయమే చూడండి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అనే యూనికోడ్ ఖతులు చేసి అందరికీ స్వేచ్ఛగా ఇచ్చారు. వాటితో చదివినవాళ్లలో, రాసినవాళ్లలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? వాడుకోవడం తప్పు కాదు, ఆయన ఇచ్చింది వాడుకోమనే. అయినా తీసుకున్నవాడి మీద ఏ బాకీ లేదని నేను అనలేను. గ్నూ లైసెన్సు కోరేది ఒక్కటే: నువ్వు మార్చినా మార్చకపోయినా ఇంకొకరికి ఇస్తే, నీకు దొరికిన హక్కులే వాళ్లకూ ఇవ్వు. ఊరికే వాడుకునేవాడిని అది ఏమీ అడగదు. లైసెన్సు అడగలేదు కాబట్టి మనం చేయాల్సింది ఏమీ లేదనుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

మూడో ప్రశ్న నా భార్యది. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది అదే. "మీరు ఊళ్లో లేనప్పుడు ప్రింటర్ పనిచేయకపోతే నేనెవర్ని అడగాలి?"

విండోస్‌తో ఏదైనా తేడా వస్తే లక్ష్మీనగర్‌లో ఏ దుకాణానికి పోయినా చూస్తారు. లినక్స్‌తో వస్తే నన్ను అడగాలి. అంటే నాకు వచ్చిన స్వేచ్ఛ ఆమెకు ఒక కొత్త అధీనత. ఇదివరకు ఎక్కడో ఉన్న కంపెనీ మీద ఆధారపడింది, ఇప్పుడు ఇంట్లో ఉన్న మొగుడి మీద. రెండోది మెరుగని ఆమె ఎందుకు ఒప్పుకోవాలి? ఇంటి కంప్యూటర్ నా ఒక్కడిది కాదు. నలుగురి వస్తువును నాకు మంచిదనిపించిన దారికి తిప్పడం, ఆ దారి పేరు స్వేచ్ఛే అయినా, స్వేచ్ఛ అనిపించుకోదు.

దీనికి వాదనతో జవాబు లేదు, పనితోనే ఉంది. కేరళలో 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం కొన్నేళ్లలో సర్కారు బడుల కంప్యూటర్లను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మళ్లించగలిగింది. సాఫ్ట్‌వేర్ మంచిది కావడం ఒక్కటే దానికి కారణం అనుకోను. ముందు పంతుళ్లకు నేర్పారు, ప్రతి బడిలో అడిగితే చెప్పే మనిషిని ఒకరిని పెట్టారు. 'ఎవర్ని అడగాలి' అన్న ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకుని మరీ మార్చారు.

మేమూ మా ఇంటి మేరకు అదే చేశాం. మొదట పెన్‌డ్రైవ్ మీదనుంచే లినక్స్ మింట్ నడిపి, నలుగురూ రెండు వారాలు వాడి చూశారు. ఎవరు వద్దన్నా ఆపేయాలని ముందే అనుకున్నాం. ప్రింటర్ పనిచేసింది, తెలుగు కీబోర్డు లోపలే ఉంది. బాపుకు తేడా తెలియలేదు. బామ్మర్దికి మాత్రం కుదరలేదు. అతని పనంతా యూనికోడ్‌కు ముందు కాలపు ఖతుల్లో ఉంది. వాటిలో తెలుగు అక్షరం తెరమీద తెలుగే కానీ, లోపల ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాక్కున్న బొమ్మ. ఆ ఖతి, ఆ పాత సాఫ్ట్‌వేర్ లేకపోతే పదిహేనేళ్ల పెళ్లిపత్రికలు అర్థంలేని గీతలవుతాయి. అతని తిండి దాని మీద. అందుకని అతని విండోస్‌ను అలాగే వేరే డిస్కులో ఉంచి, నెట్ కనెక్షన్ తీసేశాం. ఇది రాజీయా అంటే రాజీయే. సూత్రం నాది, నష్టం అతనిది అయ్యేచోట సూత్రం కాస్త ఆగాలని నా అభిప్రాయం. కొత్త పత్రికలు యూనికోడ్‌లో చేయడం అతను మెల్లగా మొదలుపెట్టాడు, ఎవరి తొందరా లేకుండా.

డిస్కులోకి ఎక్కించే పని నేను చేయలేదు. కూతురు చేసింది, పక్కన వాళ్లమ్మ కూర్చుని ప్రతి మెట్టూ నోటుపుస్తకంలో తెలుగులో రాసుకుంది. ప్రింటర్ ఆగితే చూడాల్సిన నాలుగు సంగతులు ఆ పుస్తకంలో ఉన్నాయి. ఇప్పుడు మా ఇంట్లో దాన్ని విప్పి చూడగలిగినవాళ్లు ముగ్గురు.

సొంతిల్లు క్వార్టర్ కన్నా సుఖమని నేను చెప్పలేను. చాలామందికి కాదు కూడా. జీవితంలో అన్ని కప్పులూ మనమే ఎక్కి చూసుకోలేం. కొన్నిచోట్ల క్వార్టరే మేలు, ఆ ఎంపికను తక్కువ చేయడం తగదు. కానీ ఎక్కి చూసుకునే వీలున్న కప్పు ఒకటైనా ఉంటే, ఎక్కడం నేర్చుకోవాలనే కోరిక పుడుతుంది. మా అమ్మాయి ఇప్పుడు సెలవు రోజుల్లో మెనూల్లో ఇంగ్లీషులో మిగిలిపోయిన వాక్యాలు వెతికి తెలుగు చేసి పంపుతోంది. కొన్ని తిరిగొస్తాయి, మాట సరిగా లేదని. "సేవ్ అంటే 'భద్రపరచు' అనాలా, 'దాచు' అనాలా తాతా?" అని మొన్న బాపును అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, దాచు అంటే నలుగురికీ తెలుస్తుందన్నాడు. వాళ్లు ఇంకా ఏదీ తేల్చలేదు.