చంపాలనుకోని చావులు

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలో భట్టిప్రోలు వస్తుంది. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో బ్రాహ్మీ అక్షరాలున్న ధాతుకరండాలు దొరికాయి. బౌద్ధ భిక్షువు దగ్గర ఉండాల్సిన ఎనిమిది వస్తువుల్లో నీటి వడపోత గుడ్డ ఒకటి. నీళ్లలోని చిన్న ప్రాణులు పొరపాటున కూడా కడుపులోకి పోకూడదు.

ఆ గుడ్డకు చిక్కనంత సన్నని జీవులు నిజాంపట్నం సముద్రంలో కోట్లకొద్దీ ఉన్నాయి. అవే ప్లవకాలు. వేసవి ముందు నెలల్లో గాలి, తీర ప్రవాహం కలిసి అడుగు నీటిని పైకి లాగుతాయి. దాంతోపాటు వచ్చే పోషకాలతో డయాటములు అనే వృక్ష ప్లవకాలు ఒక్కసారిగా పెరుగుతాయి. ఈ నీటి కదలికను 1950లలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ పరిశీలించాడు. ఆ తర్వాత వానలు, వరద. డయాటం తన గుల్లను సిలికాతో కట్టుకుంటుంది. ఆ సిలికాను కృష్ణా నది కొండరాళ్ల నుంచి మోసుకొస్తుంది. డయాటములను జంతు ప్లవకాలు, వాటిని కవళ్లు, కవళ్లను పెద్ద చేపలు తింటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట ఆపి మనం కాపాడుతున్నది ఈ వరుసలో పై మెట్లను మాత్రమే.

కింది మెట్టు కదులుతోంది. వేడెక్కిన పైపొర తేలికై అడుగు నీటిని పైకి రానివ్వదు. వరద మంచినీరు పరుచుకునే బంగాళాఖాతంలో ఈ అడ్డు ముందునుంచీ ఉన్నదే. పైగా నాగార్జునసాగర్ లాంటి జలాశయాల్లో ఒండ్రు, దాంతో కొంత సిలికా ఆగిపోతోంది.

మరి ఈ హాని ఎవరి ఖాతాలో పడాలి? బౌద్ధ గ్రంథమైన ఉపాలి సుత్తంలో ఇదే వాదం నడిచింది. చేతితో చేసిన పనే పెద్ద పాపమని జైనులు, మనసులోని తలంపే పెద్దదని బుద్ధుడు. డయాటానికి నొప్పి తెలుస్తుందనడానికి ఆధారం లేదు, దాన్ని చంపాలని ఎవరూ తలచలేదు. బుద్ధుడి లెక్కన మనం తప్పించుకున్నట్టే కనిపిస్తుంది. కానీ తెలియక చేసినవాడికి వర్తించే ఈ మినహాయింపు తెలిసి కొనసాగించేవాడికి ఎలా వర్తిస్తుంది? ఈ ఒక్కచోట జైనుల పట్టుదలే సబబు.

కృష్ణనీళ్లు సముద్రంపాలై వృథా అవుతున్నాయని వరద వచ్చిన ప్రతి ఏడూ వింటాం. తెనాలి వరిచేల దాహం నిజమే, దాన్ని కాదనలేం. అయితే పంపకంలో సముద్రం వాటా అడిగేవారే లేరు. ఉపగ్రహాలు చూసిన పత్రహరితాన్ని బట్టి చేపలు ఎక్కడ దొరుకుతాయో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మత్స్యకారులకు చెబుతూనే ఉంది. అదే సమాచారాన్ని ప్రకాశం బ్యారేజీ నుంచి నీళ్లు ఎప్పుడు, ఎంత వదలాలో తేల్చేవారు కూడా ముందు పెట్టుకోవాలి.