ఒక్క మాట మారితే

మా అక్కయ్య కూతురు అమెరికాలో, విస్కాన్సిన్‌లో ఉంటోంది. పన్నెండేళ్ళుగా గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూపులే. 2024 నవంబరులో అక్కడి జనం ఓట్లేసి రాష్ట్ర రాజ్యాంగంలో ఒక్క మాట మార్చారు. పద్ధెనిమిదేళ్ళు నిండిన "ప్రతి పౌరుడికీ" ఓటన్నది "పౌరులకు మాత్రమే" అయింది.

"నాకు నిన్నా లేదు, ఇవాళా లేదు. ఈ హడావుడి దేనికి పిన్నీ?" అని నవ్వింది ఫోన్లో. ఆ నవ్వు నాకేం నచ్చలేదు.

దేశాన్నేలేవాళ్ళని పౌరులే ఎన్నుకోవాలి, ఒప్పుకుంటాను. మన రాజ్యాంగం 326వ అధికరణం చెప్పేదీ అదే. మరి పిల్లల బడి సంగతో? శాన్‌ఫ్రాన్సిస్కోలో పౌరులు కాని తల్లిదండ్రులకు కూడా స్కూలు బోర్డు ఎన్నికల్లో ఓటిద్దామని 2016లో జనమే తీర్మానించారు. విస్కాన్సిన్‌లో ఏ ఊరైనా అలా ఇద్దామన్నా ఇక దారి లేదు. బిడ్డ చదువు గురించి అడగడానికి తల్లి ఏ దేశస్థురాలో చూడాలా?

దాని ఆరేళ్ళ కూతురు అక్కడే పుట్టింది, పౌరురాలు. "పెద్దయ్యాక నీ ఓటు కూడా నేనే వేస్తాలే అమ్మా" అందిట.