సాగరంలో బుద్ధుడు, నాలాలో మురుగు

భిక్షువుల నడవడిని కట్టడి చేసే వినయపిటకంలో నీటికి, చెట్టుచేమలకు సంబంధించిన నియమాలు పలుచోట్ల కనిపిస్తాయి. పచ్చని మొక్కను నరకడం, నేలను తవ్వడం, పురుగులున్నాయని తెలిసిన నీటిని గడ్డి మీదనో మట్టి మీదనో పారబోయడం 'పాచిత్తియం', అంటే తోటి భిక్షువు ఎదుట ఒప్పుకోవలసిన దోషం. నీటిలో ఉమ్మడం, మలమూత్రాలు విడవడం కూడదని 'సేఖియ' అనే మర్యాదాసూత్రాలు చెబుతాయి. వీటిని నేటి పర్యావరణవాదానికి తొలిరూపాలుగా చూపడం పరిపాటే గాని, మొక్కను నరకరాదన్న నియమపు మూలకథలో ఉన్నది నరికిన చెట్టులో నివసించే దేవత మొర, చెట్టుకు ప్రాణముందని నమ్మే జనుల ఆక్షేపణ. అడవి అంతరిస్తుందన్న చింత అందులో లేదు.

అసలు చిక్కు వేరొకచోట ఉంది. బౌద్ధంలో కర్మకు మూలం చేతన, అంటే సంకల్పం. ఆ కొలత ఎక్కడ చాలదో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో కనిపిస్తుంది. ఆ సరస్సు నడుమ నిలిచిన 58 అడుగుల ఏకశిలా బుద్ధవిగ్రహం 1990 మార్చిలో తరలింపు వేళ నీటమునిగి, ప్రాణాలను బలిగొని, 1992 డిసెంబరులో గాని పైకి రాలేదు. దాని చుట్టూ ఉన్న నీటిలోకి కూకట్‌పల్లి నాలా దశాబ్దాల తరబడి పరిశ్రమల వ్యర్థాలను, ఇళ్ల మురుగును మోసుకొచ్చింది. సాగరాన్ని పాడుచేయాలని ఎవరూ సంకల్పించలేదు కనుక, ఒక్కొక్కరి సంకల్పాన్నే తూచే నీతికి ఇక్కడ దోషి దొరకడు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లోనూ ఇదే తీరు: బంతి, చామంతి రాశులు కొనేవారి మనసులో భక్తే ఉంటుంది, పూలతోటలో చల్లిన పురుగుమందు గాని, వాడిపోయాక ఆ పూలు చేరే చెత్తకుప్ప గాని పుణ్యపు లెక్కలోకి రావు.

అయితే తెలియకపోవడాన్ని వినయపిటకం అంత తేలిగ్గా వదిలిపెట్టలేదు. నీరు వడగట్టే గుడ్డ లేకుండా భిక్షువు ప్రయాణం కట్టరాదు. అది లేకపోతే పైవస్త్రపు అంచుతోనైనా వడగట్టుకుని తాగాలి. నీటిలో ఏముందో చూసుకోవడమే అక్కడ విధి. శాతవాహన రాజును ఉద్దేశించి నాగార్జునుడు రాసినట్లు సంప్రదాయం చెప్పే 'రత్నావళి' ఈ విధిని మఠం దాటించి పాలకుడి మీద పెడుతుంది: నీరులేని దారుల్లో బాటసారులకు నీటివసతి, చీమల పుట్టల వద్ద సైతం ఆహారం, నీరు సమకూర్చడం రాజధర్మమని అందులో ఉంది. సాగరంలో బుద్ధుణ్ణి నిలిపింది ప్రభుత్వమే, నాలాలు దాని అధీనంలోనివే. కాబట్టి ఆ నీటిని గురించిన ప్రశ్న భిక్షువు కంటే, భక్తుడి కంటే ముందు ప్రభుత్వానికే చెందుతుంది.