తలుపు తట్టే కుర్రాళ్లు

తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుబిళ్ల. మార్మన్ అనే క్రైస్తవ సంఘం మిషనరీ కుర్రాళ్లు ఏ దేశంలోనైనా ఇంచుమించు ఇలాగే కనిపిస్తారు. 18 ఏళ్లు నిండాక బయల్దేరి రెండేళ్లు సేవ చేస్తారు. ఆడపిల్లలకైతే 18 నెలలు. జీతం లేదు సరికదా, ఖర్చు కూడా చాలావరకు వాళ్లదీ ఇంటివాళ్లదీనూ. ఏ ఊరికి పంపితే ఆ ఊరే.

పొద్దున్నే ప్రార్థన, చదువు. ఆపైన ఇద్దరిద్దరుగా ఊరు తిరగడం, మాట కలపడం, ఎవరికైనా సాయం కావాలంటే ఓ చెయ్యి వేయడం. వారానికో రోజు బట్టలుతుక్కోవడానికి, సరుకులకి, ఇంటికి ఉత్తరాలకి. 2019కి ముందు ఇంటికి ఫోనంటే మామూలుగా క్రిస్మస్‌కి, మదర్స్ డేకి మాత్రమే. ఇప్పుడు వారం వారం మాట్లాడొచ్చు. ఆ తల్లులకు ఎంత ఊరటో!

అన్నట్టు, మన దేశంలో ఈ సంఘానికి తొలి ‘స్టేక్’, అంటే కొన్ని స్థానిక సమాజాల కూటమి, 2012లో ఏర్పడింది హైదరాబాదులోనే.

వాళ్ల మాట మనకు నచ్చాలనేం లేదు. నేనైతే వద్దనే అంటాను. కానీ అమ్మకు దూరంగా వచ్చిన పిల్లాడు ఎండలో గుమ్మం ముందు నిలబడితే, తలుపు దభాలున వెయ్యకండి. ముందు కాసిని మంచినీళ్లివ్వండి.