కనబడకపోవడమూ లేకపోవడమూ

ఒక కళాకృతిలో విలువ ఉందని చెప్పడానికీ, లేదని చెప్పడానికీ కావలసిన ఆధారాలు ఒకే రకమైనవి కావు. ఉందనేవాడు తాను చూచినదాన్ని ఎత్తి చూపితే చాలును. లేదనేవాడు తనకు కనబడనిది నిజంగానే లేదని నిరూపించవలసి ఉంటుంది. ఈ భేదం తత్త్వగ్రంథాలకే పరిమితమైనది కాదు. స్థానిక కళాకారుల నుంచి కృతులను ఆహ్వానించి, నిర్ణేతల చేత వడపోయించి, నెగ్గినవాటిని మాత్రమే గోడకెక్కించే ప్రతి మ్యూజియమూ దీన్ని ఎదుర్కొంటుంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ కళా మ్యూజియం 1919లో ప్రారంభించి 1993 వరకు నడిపిన ‘మే షో’ అనే వార్షిక ప్రదర్శన ఇందుకు మంచి ఉదాహరణ. చిత్రాలూ శిల్పాలే కాక కుమ్మరిపని, నేతపని, ఎనామెల్ పని కూడా ఆ వడపోతకు వచ్చేవి. కృతిని పంపే హక్కు ఆ ప్రాంతంతో ఉన్న అనుబంధం వల్ల వచ్చేది. లోపలికి ప్రవేశం మాత్రం తీర్పు వల్ల దొరికేది.

భారతీయ తర్కం ఈ చిక్కును అభావజ్ఞానమనే పేరుతో, అంటే ఒక వస్తువు లేదని ఎలా తెలుస్తుందన్న ప్రశ్నగా, సునిశితంగా విచారించింది. భాట్ట మీమాంసకులూ అద్వైతులూ అనుపలబ్ధిని, అంటే వస్తువు గోచరించకపోవడాన్ని, ప్రత్యక్షానుమానాదులతో పాటు వేరొక ప్రమాణంగా (జ్ఞానసాధనంగా) అంగీకరించారు. నైయాయికులు దాన్ని విడి ప్రమాణంగా ఒప్పుకోక, ప్రత్యక్షానికి సహకారి అన్నారు. అయితే ఇరుపక్షాలూ ఒక నియమం దగ్గర కలుస్తాయి: ఆ అనుపలబ్ధి యోగ్యమైనదై ఉండాలి. వస్తువే ఉండి ఉంటే తప్పక కనబడేది అనదగిన పరిస్థితిలోనే, కనబడకపోవడం లేకపోవడానికి సాక్ష్యమవుతుంది. పట్టపగలు నేలమీద కుండ కనబడకపోతే లేదనవచ్చును. చీకటి గదిలో కనబడనంత మాత్రాన లేదనడానికి వీలులేదు. నిర్ణేత తిరస్కారం కూడా ఒక అనుపలబ్ధియే కనుక, అది ఏ వెలుతురులో జరిగిందన్నదే అసలు ప్రశ్న.

ఆ యోగ్యతలలో మొదటిది అక్షరాలా వెలుతురే. ఎనామెల్ పనిలో గాజుపొడిని రాగిరేకు మీద పరచి కొలిమిలో కరిగిస్తారు. పారదర్శకమైన ఆ పొరల అడుగున ఉన్న లోహం, చూపరి తల కదిలినకొద్దీ ఒకచోట మెరిసి మరొకచోట మసకబారుతుంది. ఛాయాచిత్రం ఆ కదలికను పట్టుకోలేదు కనుక, కంప్యూటర్ తెరమీది బొమ్మను చూచి అటువంటి కృతిని తోసిపుచ్చినవారు చీకటిలో నిలబడి కుండ లేదన్నట్టే. రెండవది విద్య. భరతుని నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలో ప్రాశ్నికులను, అంటే ప్రయోగాన్ని పరీక్షించేవారిని, పేర్కొంటూ భారమంతా ఒక్కరి పాండిత్యం మీద మోపదు; యజ్ఞవేత్త, నర్తకుడు, ఛందోవేత్త, వైయాకరణుడు, చిత్రకారుడు మొదలైన పదిరకాలవారిలో ఎవరెరిగిన విషయంలో వారినే ప్రమాణంగా తీసుకుంటుంది. మగ్గం సంగతి తెలియని చిత్రకారుడు ఒక్కడే వస్త్రాన్ని నిరాకరించరాదన్నది దీన్నుంచి తేలే ఫలితం. మూడవది మనసు. ఆలంకారికుడు అభినవగుప్తుడు రసాస్వాదానికి చెప్పిన ఏడు విఘ్నాలలో ఒకటి, చూచేదాన్ని తనదనో పరులదనో, ఫలానా దేశకాలాలదనో భావించి అక్కడే చిక్కుకుపోవడం. స్థానిక ప్రదర్శనకు ఈ విఘ్నం పుట్టుకతోనే వస్తుంది. ‘మనవాడు’ అనే మమకారం ఎంత అడ్డమో, ‘ఊరి కళలో ఇంతకన్నా ఏముంటుంది’ అనే బయటి నిర్ణేత చులకన కూడా అంతే అడ్డం.

అలాగని నిర్ణేతలను తొలగిస్తే యోగ్యత దానంతటదే రాదు. 1863లో పారిస్‌లోని అధికారిక కళాప్రదర్శన సలోన్ నిర్ణేతలు పెద్దసంఖ్యలో కృతులను తిప్పిపంపగా నిరసనలు చెలరేగి, ఫ్రెంచి చక్రవర్తి మూడవ నెపోలియన్ వాటిని వేరుగా ప్రదర్శింపజేశాడు. అక్కడికి వచ్చిన జనంలో చాలామంది మానే అనే చిత్రకారుడు గీసిన ‘పచ్చికపై భోజనం’ను చూచి నవ్వారు. పండితులకు కనబడనిది ప్రజలకూ కనబడలేదు. చిత్రం మారకుండానే తరువాతి తరాలకు కనబడింది. 1917లో న్యూయార్క్‌లో స్వతంత్ర కళాకారుల సంఘం నిర్ణేతలూ బహుమతులూ ఉండవని ప్రకటించి, రుసుము చెల్లించినవారందరికీ చోటిస్తామన్నది. అయినా కళాకారుడు మార్సెల్ దుషాఁ మారుపేరుతో పంపిన మూత్రపాత్ర వచ్చేసరికి సంఘం పెద్దలు దాన్ని ప్రదర్శనలో పెట్టనేలేదు. పేరుకు తొలగిన తీర్పు, ఏ నియమానికీ కట్టుబడని రూపంలో తిరిగివచ్చింది.

ఈ వాదం ప్రతి విఫలకృతికీ అండగా నిలుస్తుందన్న ఆక్షేపణ సహజమే. అయితే యోగ్యతానియమం కళాకారుణ్ణి కూడా బంధిస్తుంది: తగిన వెలుతురు, తగిన విద్య, నిర్మలమైన మనసు కూడిన చోట విలువ కనబడకపోతే, అది లేదన్న తీర్పును అతడు అంగీకరించవలసిందే. గోడలు పరిమితమైనవి కనుక ఎంపికా తప్పదు. కానీ చోటు చాలక పక్కన పెట్టడం ఒక నిర్ణయం, విలువ లేదనడం ఒక జ్ఞానం. మొదటిదానికి అధికారం చాలును, రెండవదానికి ప్రమాణం కావాలి. ప్రదర్శన ఏటేటా మళ్లీ జరగడంలో, నిర్ణేతలు మారుతుండడంలో ఉన్న తాత్త్విక ప్రయోజనం ఇక్కడే తెలుస్తుంది: ఒక ఏటి అనుపలబ్ధి అంతిమం కాదని ఆ పద్ధతే ఒప్పుకుంటుంది. కాబట్టి మూలకృతులను ఎదుట పెట్టి, తీరికగా చూడనిచ్చి, ఆయా విద్యలెరిగినవారిని కూర్చోబెట్టి, తిరస్కరించిన కృతినే మరుసటి ఏడు మరొకరి ముందుంచే వీలు మిగిల్చిన మ్యూజియానికే ‘ఇందులో విలువ లేదు’ అనే హక్కు ఏర్పడుతుంది; అవేవీ చేయనిది ‘ఈ ఏడు చోటు లేదు’ అని చెప్పడంతో ఆగాలి.